ఎత్తుకు అనుమతి అడగడం కూడా డ్రోన్ పైలట్ పనే

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లె. కొబ్బరి తోట, కొంత వరి ఉన్నాయి. మా అబ్బాయి సివిల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. రాజమహేంద్రవరంలో డ్రోన్ సర్వేలు చేసే ఒకాయన చదువు కాగానే ఉద్యోగంలోకి తీసుకుంటానంటున్నారు. మొదటి పని మధురపూడి విమానాశ్రయానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక లేఅవుట్. దానిని 120 మీటర్ల ఎత్తు నుంచి తీయాలట. అక్కడ 60 మీటర్లు దాటకూడదని మావాడికి ఎవరో చెప్పారు. అమెరికాలో ఫోన్‌లో అడిగితే నిమిషాల్లో అనుమతి వస్తుందని వాడు వీడియోల్లో చూశాడు. మనకూ అలా కుదురుతుందా? అసలు ఈ వృత్తిని నమ్ముకోవచ్చా?

జవాబు: మీ అబ్బాయికి 60 మీటర్ల సంగతి చెప్పినవారు సరిగ్గానే చెప్పారండీ. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి ఐదు కిలోమీటర్ల వరకు రెడ్ జోన్. అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరవేయడానికి వీల్లేదు. ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్ల వరకు నేల నుంచే ఎల్లో జోన్. ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, అంటే సుమారు 60 మీటర్ల వరకు గ్రీన్ జోన్, ఆపైన ఎల్లో జోన్. మీ కొత్తపేటలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల దాకా మామూలుగా అనుమతి అక్కరలేదు గానీ, అంతకు మించితే అక్కడ కూడా ఎల్లో జోనే. ఎల్లో జోన్‌లో ఎగరవేయాలంటే ఆ గగనతలాన్ని నియంత్రించే ఏటీసీ (విమానాల రాకపోకలకు దారి చెప్పే విభాగం) అనుమతి ముందుగా తీసుకోవాలి. మధురపూడి విషయంలో అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా పరిధిలోని విషయం. ఈ దూరాలను విమానాశ్రయం గేటు నుంచి రోడ్డు వెంట కొలవకూడదు. ప్రభుత్వం ఈ జోన్లను చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో లేఅవుట్ హద్దులు గీసి, దాని ఏ మూల ఏ జోన్‌లో పడుతుందో చూసుకోవాలి. ఒక మూల ఎనిమిది కిలోమీటర్ల గీతకు విమానాశ్రయం వైపు పడినా ఆ ముక్కకు లెక్క మారిపోతుంది.

అమెరికా వీడియోల్లో చెప్పేది అబద్ధం కాదు, అయితే సగమే. అక్కడ విమానాశ్రయాల చుట్టూ ఉన్న నియంత్రిత గగనతలాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి సున్నా నుంచి 400 అడుగుల వరకు ఒక పరిమితి ముందే నిర్ణయించి పెట్టారు. ఆ పరిమితి లోపల అడిగితే లాన్స్ అనే వ్యవస్థ నిమిషాల్లో సరే అంటుంది. గడికి నిర్ణయించినదానికన్నా ఎక్కువ ఎత్తు కావాలంటే మాత్రం అక్కడి పైలట్ కూడా కనీసం 72 గంటల ముందు విడిగా దరఖాస్తు పెట్టి, మనుషులు పరిశీలించేదాకా ఆగవలసిందే. 400 అడుగులు దాటడానికి మినహాయింపు వేరే ఉంది, దానికి మూడు నెలలు పట్టవచ్చు. కాబట్టి ఎక్కువ ఎత్తు విషయానికి వస్తే అక్కడా ఇక్కడా దారి ఒకటే: కారణం చూపాలి, భద్రత చూపాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

అయితే దరఖాస్తుకన్నా ముందు మీ అబ్బాయి ఆ యజమానిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 120 మీటర్లు నిజంగా అవసరమా? ఒక అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెళ్ల కెమెరాతో 120 మీటర్ల నుంచి తీస్తే నేలమీద ఒక్కో పిక్సెల్ సుమారు 3.3 సెంటీమీటర్లకు వస్తుంది. అదే 60 మీటర్ల నుంచి అయితే 1.6 సెంటీమీటర్లు. అంటే తక్కువ ఎత్తులో వివరం రెట్టింపవుతుంది. మూల్యంగా ఎగిరే వరుసలు రెట్టింపు, ఫొటోలు నాలుగింతలు, బ్యాటరీలు ఎక్కువ, కంప్యూటర్ మీద గంటలు ఎక్కువ అవుతాయి. పది ఎకరాల లేఅవుట్‌కు ఆ భారం పెద్దది కాదు, అనుమతి కోసం ఎదురుచూడటంకన్నా 60 మీటర్లలో ముగించడమే తెలివైన పని. వందల ఎకరాలైతే అనుమతి అడగడంలో అర్థముంది. చెట్ల మాట కూడా ఉంది. 60 మీటర్ల ఎత్తున, ఫొటోకూ ఫొటోకూ మధ్య 75 శాతం అతివ్యాప్తితో (ఒకే చోటు రెండింటిలోనూ పడేలా) వెళితే, 20 మీటర్ల కొబ్బరిచెట్ల మొవ్వుల దగ్గర అది 62 శాతానికి పడిపోతుంది. 120 మీటర్ల నుంచి అయితే 70 శాతం నిలుస్తుంది. కోనసీమ తోటల మీద పటం చేసేవారికి చెట్ల దగ్గర చిత్రం చెదిరిపోయే జబ్బు సాధారణంగా ఇక్కడి నుంచే వస్తుంది. దానికి మందు ఎత్తు పెంచడమే కానక్కరలేదు, అతివ్యాప్తిని 85 శాతానికి పెంచినా సరిపోతుంది. ఈ లెక్క వేసి చూపగలిగితే, ఆ తరువాత కూడా ఎత్తు కావాలని తేలితే, దరఖాస్తులోని ‘ఎందుకు’ అనే గడికి జవాబు దానంతట అదే సిద్ధమవుతుంది.

దరఖాస్తును చదివేది విమానాలను దించే మనిషి అన్న సంగతి మరచిపోకూడదు. ఆయనకు లేఅవుట్ యజమాని పేరుతో పనిలేదు. డ్రోన్ రన్‌వేకు సూటిగా ఉన్న దారిలో వస్తుందా, పక్కన ఉంటుందా, దారి తప్పితే ఎటు పోతుంది అన్నవే కావాలి. అందుకని పని జరిగే స్థలం హద్దులను అక్షాంశ రేఖాంశాలతో ఇవ్వాలి. ఎత్తును నేల నుంచి ఎంతో, సముద్రమట్టం నుంచి ఎంతో రెండు విధాలా రాయాలి. కోనసీమలో నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు గనుక ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు, కానీ మధురపూడి వైపు మెట్ట నేల, అక్కడ ఈ తేడా లెక్కలోకి వస్తుంది. సమయాన్ని భారత కాలమానంలోనూ, విమానయానం వాడే యూటీసీలోనూ చూపాలి. మన ఉదయం 10 గంటలు అక్కడ 04:30. రిమోట్‌తో సంబంధం తెగిపోతే డ్రోన్ ఏ ఎత్తుకు చేరి తిరిగి వస్తుందో రాయాలి. చాలామంది ఈ ఒక్కచోట తప్పు చేస్తారు: 120 మీటర్లకు అనుమతి అడిగి, తిరిగి వచ్చే ఎత్తును యంత్రంలో 150 అని వదిలేస్తారు. ఎగరవేసే సమయంలో మోగితే తీసే ఫోన్ నంబరు ఇవ్వాలి. అడిగిన ఎత్తులో సగానికే అనుమతి రావచ్చు, ఫలానా వేళల్లో మాత్రమే అనవచ్చు. వచ్చిన కాగితంలో ఉన్న షరతే చెల్లుతుంది.

‘ఊరి బయట, ఎవరు చూస్తారు’ అనే మాట ఈ రంగంలో తరచు వినిపిస్తుంది. ఆ మాట అనేది యజమాని, రిమోట్ చేతిలో ఉండేది మీ అబ్బాయికి. నిబంధనల ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే అనుమతి లేని ప్రయాణానికి బీమా సంస్థ డబ్బు ఇస్తుందని ఆశించడం కష్టం. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు గానీ, జోన్ల నియమం దానికీ వర్తిస్తుంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు గనుక, 2027 గోదావరి పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర పని ఒప్పుకునేవారు ఏ రోజు మ్యాప్ ఆ రోజు చూసుకోవాలి.

ఇక వృత్తి మాట. రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండి, పదో తరగతి ప్యాసై, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొందితే చాలు. అది పదేళ్లు చెల్లుతుంది. కొద్ది రోజుల్లో చేతికి వచ్చే కాగితం గనుకనే అది ఒక్కటే ఉన్నవారికి జీతం పెరగదు. వరిచేలో మందు చల్లే డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుతుంది, విమానాశ్రయానికి దగ్గర కాకపోతే దానికి ఎత్తు అనుమతుల గొడవ ఉండదు, పని కూడా పంట కాలానికే ఉంటుంది. సర్వే అలా కాదు. గ్రామాల ఇళ్ల స్థలాలను కొలిచే స్వామిత్వ పథకం, 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే డ్రోన్ల సాయంతో సాగాయి. అక్కడ విలువ ఎగరవేయడానికి కాదు, వచ్చిన ఫొటోలను హద్దు రాళ్లతో సరిపోయే పటంగా మార్చడానికి. సివిల్ డిప్లొమా చదివినవాడికి సర్వేయింగ్ పునాది ముందే ఉంది. దానికి స్థానాలను కచ్చితంగా చూపే డీజీపీఎస్‌తో నేల బిందువులు తీయడం, ఫొటోలను కలిపి పటం చేయడం, ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోవడం, పైన చెప్పిన విధంగా దరఖాస్తు రాయడం తోడైతే ఈ వృత్తిని నమ్ముకోవచ్చు. డిప్లొమా మధ్యలో ఆపి చేరమంటే మాత్రం ఒప్పుకోవద్దు.

చేరే ముందు ఆ యజమానిని మూడు కాగితాలు చూపమనండి: డ్రోన్‌కు కేటాయించిన యూఐఎన్ (గుర్తింపు సంఖ్య), థర్డ్ పార్టీ బీమా, గతంలో ఎల్లో జోన్‌లో చేసిన ఏదైనా ఒక పనికి ఏటీసీ ఇచ్చిన అనుమతి. మొదటి రెండూ ఉండి తీరాలి. మూడోది లేకపోతే తప్పేమీ లేదు, అలాంటి పని ఇంతవరకు రాలేదని ఆయన చెప్పవచ్చు. అప్పుడు ఈ లేఅవుట్‌కు దరఖాస్తు రాసే పనిని మీ అబ్బాయికే అప్పగించమని అడగండి. విమానాశ్రయం దగ్గర చాలా పనులు చేశామని ఒకపక్క చెబుతూ, అనుమతి కాగితం ఒక్కటీ చూపలేకపోతే ఆ ఉద్యోగం వద్దు.