ఆపేది ఎవరో కూడా రాయమ్మా

ఒంగోలు

అమ్మా, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. నిదానంగా చదివాను. జీవులు తమ చుట్టూ జరిగేదాన్ని ఎలా పసిగడతాయి, ఎలా బదులిస్తాయి, ఒంటి లోపలి పరిస్థితిని ఎలా చక్కబెట్టుకుంటాయి అన్నది చిన్న విషయం కాదు. డిగ్రీ అయిన పిల్ల ఇంత పెద్ద సంగతిని తెలుగులో రాయాలని కూర్చోవడం నాకు నిజంగా సంతోషం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీ మొదటి పేజీ నిండా క్లాడ్ బెర్నార్డ్, వాల్టర్ కానన్ ఉన్నారు. ఇద్దరూ మహానుభావులే. ఒంటి లోపలి ద్రవాలు నిలకడగా ఉంటేనే జీవి బయట స్వేచ్ఛగా బతకగలదని 19వ శతాబ్దంలో బెర్నార్డ్ చెప్పాడు. దానికి హోమియోస్టాసిస్ అని 1926లో కానన్ పేరు పెట్టాడు. అయినా వాళ్లను లోపలి పేజీలకు పంపెయ్. విషయం ఏమిటో తెలియకముందే దానికి పేరు ఎవరు పెట్టారో తెలుసుకోవాలని ఏ పాఠకుడికీ ఉండదు.

తర్వాతి పేజీల్లో అత్తిపత్తి వచ్చింది, ఊసరవెల్లి వచ్చింది, పులికాట్ రాజహంసలు వచ్చాయి, మా ఒంగోలు గిత్త కూడా వచ్చింది. ఒక్కొక్కదానికి నాలుగేసి వాక్యాలు. గిత్త ఒక్కదాని మీదే ఒక వ్యాసం రాయొచ్చు తల్లీ. ఆ తెల్లని వెంట్రుక, వేలాడే గంగడోలు, యూరప్ పశువుల కంటే మెరుగ్గా పనిచేసే చెమట గ్రంథులు ఉండబట్టే దాని సంతతి బ్రెజిల్ ఎండల్లో నెలోరే అనే పేరుతో దేశమంతా నిండింది. దాన్ని నాలుగు ముక్కల్లో దాటేస్తే పాఠకుడికి ఏం మిగులుతుంది? ఈసారికి దాన్ని పక్కన పెట్టు.

ఇక అసలు మాట. నీ ఉదాహరణలన్నీ ఒకే చోట ఆగిపోయాయి. ఎండ తగిలింది, చెమట పట్టింది. చక్కెర పెరిగింది, ఇన్సులిన్ వచ్చింది. బాగుంది, మరి ఆ తర్వాత? వచ్చిన ఇన్సులిన్ ఎప్పుడు పోయింది, దేన్ని చూసి ఆగింది? పట్టిన చెమట ఎందుకు ఆగింది? పసిగట్టడం, బదులివ్వడం మాత్రమే రాసి ఆపడాన్ని వదిలేస్తే నువ్వు సమతుల్యత గురించి రాసినట్టు కాదు. ఏ జీవి గురించి రాసినా ఈ నాలుగూ అడిగి తీరాలి: మార్పును ఎవరు పసిగట్టారు, కబురు ఎవరు మోశారు, పని ఎవరు చేశారు, ఎవరు ఆపారు. చాలామంది మొదటి మూడూ రాసి సంతోషపడిపోతారు. నాలుగోదే కష్టం, నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే.

చక్కెర సంగతే చూడు. పెద్ద మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో కరిగి ఉండే గ్లూకోజు మొత్తం నాలుగైదు గ్రాములు, అంటే ఒక టీస్పూనుడు. వంద గ్రాముల బియ్యం వండుకుని తింటే 75 గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి వెళ్తుంది. అదంతా చక్కెరగా మారి రక్తంలోకి చేరుతున్నా, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రెండు మూడు గంటల్లో లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇన్సులిన్ ఆ చక్కెరను కండల్లోకీ కొవ్వులోకీ పంపుతుంది, కాలేయంలో నిల్వ చేయిస్తుంది. రక్తంలోకి వచ్చిన ఇన్సులిన్‌లో సగం అయిదారు నిమిషాల్లోనే మాయమవుతుంది. చక్కెర తగ్గుతుంటే క్లోమం కొత్తది వదలడం తగ్గిస్తుంది, పాతది ఎలాగూ నిలవదు. అలా లేకపోతే అన్నం తిన్న ప్రతిసారీ మనిషి కళ్లు తిరిగి పడిపోవాలి. నీ వ్యాసంలో వంద మిల్లీలీటర్ల రక్తానికి 70 నుంచి 100 మిల్లీగ్రాముల చక్కెర అన్న అంకె ఉంది కానీ ఈ టీస్పూను లేదు. అంకె రాస్తే అది ఎంతో కళ్లకు కట్టాలి.

అమ్మ వాళ్లది కొండపి అని, నాన్నగారు అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తారని రాశావు. అలాంటి రెండు ఇళ్లు ఉండి ఊసరవెల్లి దాకా ఎందుకు వెళ్లావమ్మా?

పొగాకు చేలో మొగ్గ వేసే అదను రాగానే తలలు తుంచుతారు. కొన్నాళ్లకే కిందున్న ఆకుల చంకల్లోంచి పిలకలు లేస్తాయి. వాటిని గిల్లడానికి కూలీలు, లేదంటే పిలకల మందు. ఆ మొగ్గలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. తల ఉన్నంతకాలం ఒక్కటీ లేవలేదు. ఎందుకని? చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంట కిందికి దిగుతూ ఉంటుంది. అది దిగుతున్నంతసేపూ పక్క మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. 1930ల ఆరంభంలో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు కుటుంబపు మొక్కకు తల తుంచి, తెగిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పిలకలు రాలేదు. కథ అక్కడితో అయిపోలేదు. తల తెగగానే అది లాగేసుకుంటున్న చక్కెర మొగ్గలకు చేరుతుందని, అవి మొదట కదలడానికి కారణం ఆ చక్కెరేనని 2014లో బఠానీ మొక్కల మీద తేల్చారు. అంటే చిగురు ఒకవైపు కబురు పంపి, మరోవైపు తిండి లాగేసి మొగ్గలను ఆపుతోంది. మీ అమ్మ వాళ్ల ఊళ్లో కూలికి వెళ్లే ప్రతి ఆడమనిషికీ తల తుంచితే ఏమవుతుందో తెలుసు. ఎందుకు అవుతుందో వాళ్లకు అర్థమయ్యేలా రాయడమే నీ పని.

అదే పొగాకు గురించి నువ్వు ‘పురుగు కొరికితే మొక్క పగబట్టి విషం తయారుచేస్తుంది’ అని రాశావు. పగ తీసెయ్. ఏం జరిగిందో చెప్పు, అది పగ కంటే ఎంతో ఆశ్చర్యంగా ఉంటుంది. లద్దె పురుగు ఆకు కొరికితే జాస్మోనేట్ అనే పదార్థం పెరుగుతుంది, ఆ కబురు వేళ్ల దాకా వెళ్తుంది. నికోటిన్ తయారయ్యేది వేళ్లలో. అక్కడి నుంచి నీళ్లతో పాటు పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. ఈ సంగతి అంటుకట్టి పట్టుకున్నారు. టమాటా వేరు మీద పొగాకు కొమ్మ అంటితే ఆకుల్లో నికోటిన్ దాదాపు లేకుండా పోయింది. పొగాకు వేరు మీద టమాటా కొమ్మ అంటితే టమాటా ఆకుల్లో నికోటిన్ వచ్చింది. 1940లలో డాసన్ అనే శాస్త్రవేత్త చేసిన పని అది. తల తుంచినా నికోటిన్ పెరుగుతుంది. మనిషి గోరు పడినా, పురుగు పన్ను పడినా గాయం గాయమే కదా, పైగా చిగురు నుంచి దిగే ఆక్సిన్ కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు నాన్నగారి వైపు. గుంటలో వదిలే సీడు (రొయ్య పిల్లలు) ఎక్కడి నుంచి వస్తుందో, గుడ్ల నుంచి పిల్లల్ని తయారుచేసే హేచరీకి ఒకసారి వెళ్లి చూడు. తల్లి రొయ్యలు గుడ్లకు రావాలని చాలా హేచరీల్లో వాటికి ఒక కన్ను తీసేస్తారు. వినడానికి కష్టంగానే ఉంటుంది, అయినా ఆ సంగతి దాచకుండా రాయాలి. రొయ్య కన్ను ఒక చిన్న కాడ చివర ఉంటుంది. ఆ కాడలో చూపుతో పనిలేని గ్రంథి ఒకటి ఉంది. అండాశయాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచే హార్మోను అక్కడి నుంచే వస్తుంది. పాత పెంకు విడిచే మోల్టింగ్‌ను ఆపి ఉంచేది, రక్తంలో చక్కెరను సర్దేది కూడా అక్కడివే. ఒక కాడ పోతే పట్టు సడలుతుంది, కొద్దిరోజుల్లోనే అండాశయం నిండుతుంది. 1943లో పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మరో జాతి రొయ్యలో దీన్ని మొదట గమనించాడు. రెండు కళ్లూ తీస్తే రొయ్య బతకడమే కష్టం. ఒక్కటి తీసినా తల్లి తొందరగా నీరసించిపోతుంది, పోను పోను గుడ్ల నాణ్యత తగ్గుతుంది. ఆపే హార్మోను లేని ఒళ్లు ఉన్న శక్తినంతా గుడ్లకే ఖర్చుపెట్టేస్తుంది. కన్ను తీయకుండా సీడు తయారుచేసే హేచరీలు కూడా ఇప్పుడు ప్రపంచంలో ఉన్నాయి. అదే మంచి దారి అని నా నమ్మకం.

పొగాకు తల, రొయ్య కన్ను పక్కపక్కన పెట్టి చూడు. ఒకటి మొక్క, ఒకటి నీళ్లలో జంతువు. రెండింటిలోనూ మనిషి ఆపేదాన్ని తీసేశాడు, అప్పటిదాకా అది ఎంత పని చేస్తోందో తీసేశాక తెలిసింది. నీ వ్యాసానికి ఈ రెండు చాలు. మూడోది కావాలంటే ఇన్సులిన్‌ను చేర్చుకో. అంతకు మించి వద్దు.

పసిగట్టడం గురించి ఒక మాట. పసిగట్టే అవయవం ఎప్పుడూ నిజమే చెబుతుందన్నట్టు రాశావు. చేపల పులుసు తిని నెత్తిన చెమటలు కక్కుకునే నెల్లూరు మనిషిని అడుగు. నాలుక మీద వేడిని గుర్తుపట్టే ఒక ప్రోటీను సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని మామూలు వేడిలోనే తెరుస్తుంది. నోరు కాలుతోందని మెదడుకు కబురు వెళ్తుంది, ఒళ్లు చెమటతో చల్లబరచడం మొదలుపెడుతుంది. 1997లో దీన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షుల్లో ఇదే ప్రోటీను మిరపకు తెరుచుకోదు, అందుకే చిలక పచ్చిమిరపకాయను హాయిగా తింటుంది. కబురు తప్పయినా ఒళ్లు దానికే బదులిస్తుంది. దీన్ని ఒక్క పేరాలో ముగించు, లేకపోతే వ్యాసాన్ని మిరపకాయ లాగేసుకుంటుంది.

‘సమతుల్యత సాధించాక శరీరం విశ్రాంతి తీసుకుంటుంది’ అన్న వాక్యం కొట్టెయ్. విశ్రాంతి ఎక్కడిది? గుంటల్లో పెంచే వనామీ రకం రొయ్య రక్తానికి సరితూగే నీళ్లలో లీటరుకు దాదాపు 25 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రంలో 35. బోరు నీళ్ల గుంటలో ఒక్కోసారి అయిదు కూడా ఉండదు. అలాంటి గుంటలో నీళ్లు రొయ్య ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, ఉప్పు బయటికి జారిపోతూనే ఉంటుంది. మొప్పలు రాత్రీ పగలూ ఉప్పును లోపలికి తోడుతూనే ఉండాలి. ఆ పనికి పొటాషియం కావాలి, అందుకే అలాంటి గుంటల్లో మినరల్స్ చల్లుతారు. నాన్నగారు వేసే మేతలో కొంత రొయ్య పెరగడానికి కాకుండా ఈ తోడుడుకే పోతుంది. మేత బిల్లు చూసి టెన్షన్ పడే రైతుకు ఈ సంగతి చెప్పి చూడు, నీ వ్యాసం చివరి దాకా చదువుతాడు.

రాసింది ముందు నాన్నగారికి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ‘అంటే?’ అని అడిగితే అక్కడ వాక్యం మార్చు. కార్తీకంలో వాన కుండపోతగా కురిసి గుంటలో ఉప్పు ఒక్కసారిగా పడిపోయిన రోజున మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో ఏం చూస్తారో, ఏం చల్లుతారో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేస్తారో ఆయన్నే అడుగు. ఆయన మాటలను ఆయన అన్నట్టే రాసుకో. ఏది ఎందుకో తర్వాత పుస్తకాల్లో వెతుక్కోవచ్చు.

సంక్రాంతికి కొండపి వెళ్తావుగా. ఆ రోజుల్లోనే చాలా చేలల్లో తలలు తుంచుతుంటారు. అమ్మమ్మ వాళ్ల చేలో తుంచిన మొక్కను ఒకటి, తుంచని మొక్కను ఒకటి గుర్తు పెట్టుకో. తుంచినదానికి ఏ ఆకు చంకలో మొదట పిలక కదిలిందో, పై ఆకు దగ్గరో కింది ఆకు దగ్గరో, తుంచిన ఎన్నో రోజుకో రాసుకో. వ్యాసం కంటే ముందు ఆ కాగితాలు పంపు. అవి చూశాక హేచరీకి ఎప్పుడు వెళ్లాలో, అక్కడ ఏమేం అడగాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు