పాఠకుల ప్రశ్నలు: లంచం లెక్క ఎవరు చెబుతారు?

ప్రశ్న: ఫలానా దేశంలో అవినీతి ఇంత శాతం, ఫలానా పథకంలో ఇంత సొమ్ము పక్కదారి పట్టింది అని చదువుతుంటాను. ఇచ్చినవాడు చెప్పడు, పుచ్చుకున్నవాడు అసలే చెప్పడు. మరి పరిశోధకులకు ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది? కాకిలెక్కలేనా?
– విశ్రాంత ఆడిట్ ఉద్యోగి

జవాబు: కొన్ని కాకిలెక్కలకు దగ్గరగానే ఉంటాయి, మీ అనుమానం సరైనదే. దేశాలను వరసలో నిలబెట్టే అంకెలు చాలావరకు అభిప్రాయాల మీద నడుస్తాయి. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 1995 నుంచి ఇస్తున్న అవినీతి సూచీ ఉంది కదా, అందులో కొలిచేది అవినీతి ఎంత ఉందని నిపుణులూ వ్యాపారులూ అనుకుంటున్నారన్నదే. చేతులు మారిన డబ్బును అది లెక్కపెట్టదు. దాన్ని తప్పుపట్టను, కానీ ఈ ఏడు మనం రెండు మెట్లు ఎక్కాం, మూడు మెట్లు దిగాం అనే చర్చలు వింటే మాత్రం నవ్వొస్తుంది.

ఇంకొంచెం మెరుగైన దారి, వ్యాపారులనే నేరుగా అడగడం. ప్రపంచ బ్యాంకు వ్యాపార సంస్థల మీద చేసే ఎంటర్‌ప్రైజ్ సర్వేల్లో ఈ ప్రశ్న ఉంటుంది. అయితే అడిగే తీరు వేరు. సర్వే బృందాలకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా నేను మొదట చెప్పే మాట ఇదే: "మీరు లంచం ఇచ్చారా" అని ఎవరినీ అడగొద్దు. "మీలాంటి వ్యాపారం చేసేవాళ్లు ఈ పని కావాలంటే మామూలుగా ఎంత ఇచ్చుకోవాల్సి వస్తుందండీ" అని అడగండి. మనిషి తన సంగతే చెబుతాడు, పేరు మాత్రం పక్కవాడిది పెడతాడు. పక్కన గుమాస్తా నిలబడి ఉంటే అది కూడా చెప్పడు, కాబట్టి గుమాస్తా టీ తేవడానికి వెళ్లేదాకా మిగతా ప్రశ్నలతో కాలక్షేపం చేయాలి.

అసలు రుచి ఉన్నది మూడో దారిలో. మనుషులను అడగడం మానేసి, వస్తువును కొలవడం. ఆడిట్‌లో పనిచేశారు కాబట్టి మీకిది నచ్చుతుంది. ఇండోనేషియాలో జావా ద్వీపంలోని 608 గ్రామాల్లో ప్రభుత్వ పథకం కింద రోడ్లు వేస్తున్నారు. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త పని పూర్తయ్యాక ఇంజనీర్లను పంపి, రోడ్డును అక్కడక్కడా తవ్వించి, రాయి ఎంత పడిందో, ఇసుక ఎంత పడిందో లెక్క కట్టించాడు. సరకు ధర అక్కడి అమ్మకందార్లను అడిగారు, కూలి ఎంత ముట్టిందో ఊళ్లోవాళ్లను అడిగారు. ఇదంతా కలిపితే రోడ్డుకు నిజంగా అయిన ఖర్చు. దాన్ని గ్రామ పుస్తకాల్లో రాసిన ఖర్చులోంచి తీసేస్తే మిగిలేది మాయమైన సొమ్ము.

మీరు వెంటనే అడగబోయేది నాకు తెలుసు: ఇసుక కొంత వానకు కొట్టుకుపోతుంది, కొంత దారిలో రాలిపోతుంది, అదంతా దొంగల ఖాతాలో వేస్తే ఎలా? అందుకని నిజాయితీగా వేసినా ఎంత తరుగు పోతుందో తెలుసుకోవడానికి ఆయన సొంతంగా చిన్న చిన్న రోడ్లు వేయించి చూశాడు. ఈ రంగంలో నేను చదివిన పనుల్లో ఇంత ఓపికైనది అరుదు.

ఆ గ్రామాల్లో కొన్నింటికి పని మొదలవక ముందే చెప్పారు, ఈసారి ప్రభుత్వ ఆడిటర్లు తప్పకుండా వస్తారని. మామూలుగానైతే ఆడిట్ పడే అవకాశం 4 శాతమే, వీళ్లకది 100 శాతం. మాయమైన సొమ్ము 8 శాతం పాయింట్లు తగ్గింది. గ్రామస్థులను సమావేశాలకు పిలిచి, మీరే నిఘా వేయండి అన్న ఊళ్లలో మొత్తం మీద పెద్ద తేడా కనబడలేదు. జనం కళ్లు తెరిస్తే చాలు అవినీతి ఆగిపోతుందని నమ్మేవాళ్లకు ఇది మింగుడుపడదు. ఇంకో తమాషా ఉంది. ఆడిట్ జరిగిన ఊళ్లలో రోడ్డు పనులు చూసేవాళ్ల బంధువులకు ఆ పనుల్లో కూలి దొరకడం పెరిగింది. డబ్బు తినే దారి మూసుకుపోతే, అస్మదీయులకు పని ఇప్పించే దారి తెరుచుకుంది.

ఇదే ఓల్కెన్ ప్యాట్రిక్ బారన్‌తో కలిసి చేసిన ఇంకో పని లారీల మీద. ఇండోనేషియాలోనే ఆచే ప్రాంతంలో లారీ డ్రైవర్ల పక్కన సర్వే చేసేవాళ్లను క్లీనర్ల మాదిరిగా కూర్చోబెట్టి 304 ట్రిప్పులు తిప్పారు. పోలీసులకు, సైనికులకు, తూకం కేంద్రాల వాళ్లకు ఇచ్చిన మామూళ్లు 6,000కు పైగా నమోదయ్యాయి. తిరుగుబాటుదార్లతో 2005లో కుదిరిన శాంతి ఒప్పందం తర్వాత ఆచేలో సైన్యం వెనక్కి వెళ్లడంతో చెక్‌పోస్టులు తగ్గాయి. లారీవాళ్లు బతికిపోయారు అనుకుంటాం. కానీ అదే దారిలో ముందున్న మరో రాష్ట్రంలో మిగిలిన చెక్‌పోస్టుల వాళ్లు రేటు పెంచారు. ఇటువాళ్లు వదిలేసిన దాంట్లో కొంత అటువాళ్లు దండుకున్నారన్నమాట.

మీ పూర్వ వృత్తి మీద కూడా ఒక పరిశోధన ఉంది, కోప్పడనంటే చెబుతాను. గుజరాత్‌లో ఫ్యాక్టరీల కాలుష్యాన్ని ప్రైవేటు ఆడిటర్లు కొలిచి నివేదిక ఇవ్వాలి. ఆడిటర్‌ను ఎంచుకునేదీ ఫ్యాక్టరీయే, డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీయే. పొగలో ధూళి పరిమితి దాటిన ఫ్యాక్టరీలు 7 శాతమేనని నివేదికలు చెప్పాయి. వేరేవాళ్లు వెళ్లి కొలిస్తే 59 శాతం. కంచే చేను మేసిందని వేరే చెప్పాలా? 2013లో అచ్చయిన ఆ అధ్యయనం కోసం కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీ తీసి కేటాయించారు, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, వాళ్ల కొలతలను మళ్లీ కొలిచి సరిచూశారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు, ఫ్యాక్టరీలు కాలుష్యం తగ్గించాయి. మనుషులను మార్చలేదు, వాళ్లకు కూలి ఎవరిస్తారన్నది మార్చారు.

ప్రశ్న: రూల్సు సులువు చేస్తే చిన్న వ్యాపారులంతా తమంతట తామే రిజిస్టర్ అవుతారని మా ప్రొఫెసర్ అంటారు. మీరేమంటారు?
– ఎంబీఏ విద్యార్థిని

జవాబు: మీ ప్రొఫెసర్‌గారి మాటకు వంశవృక్షం ఉంది. 1983లో పెరూ ఆర్థికవేత్త హెర్నాండో దె సోతో బృందం లిమా శివార్లలో చిన్న కుట్టు కార్ఖానా ఒకటి పెట్టి, అన్నీ చట్టప్రకారం రిజిస్టర్ చేయించబోయింది. 289 రోజులు పట్టింది. లంచం పది సార్లు అడిగారు. ఆ ప్రయోగం ప్రపంచమంతా పాకింది. రెండు దశాబ్దాలకు ప్రపంచ బ్యాంకు దాన్నే పెద్దయెత్తున చేసి, వ్యాపారం ఎంత సులువో చెప్పే ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2014లో వచ్చిన నివేదికలో మన దేశానిది 142వ స్థానం, 2019లో వచ్చినదాంట్లో 63. మనవైపు కొలిచింది ఢిల్లీ, ముంబయి నగరాలను మాత్రమే. చివరికి చైనా, సౌదీ అరేబియా వగైరా దేశాల అంకెల్లో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబరులో ఆ నివేదికనే ఆపేశారు.

అవకతవకల కంటే లోతైన లోపం ఇంకోటి ఉంది. ఆ ర్యాంకులకు ఒక ఊహా కంపెనీని తీసుకుని, చట్టప్రకారం ఎన్ని రోజులు పడుతుందని న్యాయవాదులను అడిగేవారు. హాల్‌వార్డ్-డ్రీమియర్, ప్రిచెట్ అనే ఇద్దరు 2015లో ఆ రోజులను, నిజంగా లైసెన్సు తెచ్చుకున్న వ్యాపారులు చెప్పిన రోజులతో పక్కపక్కన పెట్టి చూశారు. రెంటికీ పొంతన లేదు. ఒకే దేశంలో ఒకరికి వారంలో పని అయిపోతుంది, ఇంకొకరు నెలల తరబడి తిరుగుతారు. చట్టం ఎంత కఠినమో అన్నదాని కంటే, దాన్ని మీకోసం ఎవరు వంచగలరు అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తోంది. ఫారాలు పది నుంచి మూడుకు తగ్గించినా ఈ తేడా పోతుందని నేననుకోను.

ఇక తమంతట తామే వస్తారా అన్నది. శ్రీలంకలో పరిశోధకులు చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషన్ ఎలాగో వివరించి, ఫీజు కూడా మేమే ఇస్తామన్నారు. దాంతో రిజిస్ట్రేషన్లేమీ పెరగలేదు. 40,000 శ్రీలంక రూపాయలు, అంటే సుమారు రెండు నెలల లాభం చేతిలో పెడతామంటే సగం మంది వచ్చారు. అప్పటికీ రానివాళ్లలో చాలామంది చెప్పిన కారణం, దుకాణమున్న స్థలానికి సరైన కాగితాలు లేకపోవడం. ఇందులో మూర్ఖత్వం లేదు, లెక్క ఉంది: రిజిస్టర్ అయితే పన్ను కనబడుతుంది, లాభం కనబడదు. రిజిస్టరైనవాళ్లలో కొద్దిమంది బాగా ఎదిగిన మాట నిజమే, మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఇది మీ ప్రొఫెసర్‌గారికి చూపించండి, మార్కులు పోతాయనుకుంటే పరీక్షయ్యాక చూపించండి.

ప్రశ్న: కొన్ని ఊళ్లకు పథకం ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా ఆపి తేడా చూడటం పేదల మీద ప్రయోగం కాదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఒక్కోసారి అవును. పరిశోధన కోసమే ఎవరికైనా హక్కుగా రావాల్సింది ఆపితే నేను ఒప్పుకోను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలైనప్పుడు మండలాలన్నింటికీ ఒకేసారి యంత్రాలు చేర్చడం ఎలాగూ కుదరదు. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలం ముందు, ఏది తర్వాత అన్నది లాటరీ తీసి తేల్చారు. రాజకీయ నాయకుడి సిఫార్సుతో వరస తేలడం కంటే అదే న్యాయం. కూలి త్వరగా చేతికందిందని, దారిలో కారిపోయే సొమ్ము తగ్గిందని తేలింది.

ప్రశ్న: ఈ రంగంలోకి రావాలంటే లా చదవాలా, ఎకనామిక్స్ చదవాలా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: ఏది చదివినా ఫర్వాలేదు. ముందు ప్రపంచ బ్యాంకు ఎంటర్‌ప్రైజ్ సర్వే ప్రశ్నావళి ఒకటి దింపుకోండి, ఉచితమే. తెలుగులోకి మార్చుకుని, మీకు తెలిసిన చిన్న వ్యాపారి ఎవరినైనా మొదటి నుంచి చివరి దాకా అడిగి చూడండి. విసుక్కోకుండా ఎన్నో పేజీ దాకా జవాబు చెప్పారో, ఏ ప్రశ్న దగ్గర గొంతు తగ్గించారో రాసి నాకు పంపండి.