మా చిన్న కంపెనీలోకి చూపు లేని వ్యక్తిని తీసుకోవాలంటే ఏమేం చూసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నలభై మంది పనిచేసే కంపెనీ మీది. కస్టమర్ల ఫిర్యాదులు చదివి జవాబులు రాసే ఉద్యోగానికి చూపు లేని ఒకాయన దరఖాస్తు పెట్టారు. వచ్చే వారం ఆన్‌లైన్ పరీక్ష. ఆఫీసులో ఏం మార్చాలి, ఎంత ఖర్చవుతుంది, తీసుకున్నాక పని సరిగ్గా రాకపోతే ఏం చేయాలి అన్నది మీ టెన్షన్.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. పదహారేళ్ళ నుంచి ఉద్యోగం చేస్తున్నాను, ఇది మూడో కంపెనీ. నాలుగేళ్ళుగా ఇంటర్వ్యూలు తీసుకునేవాళ్ళలో నేనూ ఉంటున్నాను. మీ ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు నా మొదటి ఉద్యోగం సంగతి చెప్తాను, ఎందుకంటే మీలాంటి మంచి ఉద్దేశం ఉన్నవాళ్ళే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు.

చేరిన రోజు పూలగుత్తి ఇచ్చి ఫొటోలు తీశారు. నడక ఇబ్బంది లేకుండా తలుపు పక్కనే కుర్చీ వేశారు. కంప్యూటర్ త్వరలో వస్తుందన్నారు. అది రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. తీరా వచ్చాక అందులో స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్, లేదు. పెట్టమంటే బయటి సాఫ్ట్‌వేర్ కాబట్టి భద్రతా విభాగం ఒప్పుకోవాలన్నారు. ఒప్పుకోవడమా, కాదనడమా ఏదీ జరగలేదు, ఫైలు అలా తిరుగుతూనే ఉంది. ఏడాదిన్నరలో నేను చేసిన పనంతా పోగేస్తే రెండు వారాలకు సరిపోదు. జీతం మాత్రం ఒక్క రోజు ఆలస్యం కాలేదు. అప్రైజల్‌లో అన్నిట్లోనూ మంచి మార్కులే. "నువ్వు రోజూ ఇంత దూరం వస్తున్నావు చూడు, అదే గొప్ప" అనేవారు మా మేనేజర్. చాలా మంచి మనిషి. కఠినంగా ఉండే మనిషై ఉంటే నేను ఆర్నెల్లకే మానేసి బాగుపడేవాణ్ణి. నాతోపాటు చేరినవాళ్ళు ఒక్కొక్కరే పైకి వెళ్ళారు. నేను తలుపు పక్కనే ఉండిపోయాను. బయట ఇంటర్వ్యూలకు వెళ్ళి "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

రెండో కంపెనీలో మొదటి నెల నేను రాసిచ్చిన రిపోర్టు పదకొండు తప్పులు పట్టుకుని తిరిగొచ్చింది. రెండు చోట్ల లెక్కే తప్పు. మేనేజర్ ఆవిడ ఏ మొహమాటమూ లేకుండా ఒక్కోదాని పక్కన కామెంట్ పెట్టారు. స్క్రీన్ రీడర్ అవన్నీ చదువుతుంటే సిగ్గేసింది. కాసేపటికి ఇంకోటి తట్టింది: నేను రాసింది చివరిదాకా ఒకరు చదవడం ఇదే మొదటిసారి.

అందుకే మీకు ఉద్యోగం ఇవ్వడం గురించి కాస్త తక్కువగా, పని ఇవ్వడం గురించి ఎక్కువగా చెప్తాను.

ముందు పనిముట్టు. స్క్రీన్ రీడర్ ఉంటే మౌస్ అవసరం లేకుండా కీబోర్డుతోనే అంతా నడుస్తుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం. చూపు లేని ఒక ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టి, చూపు లేని మిత్రుడితో కలిసి పెంచిన ప్రాజెక్టు అది. జాస్ అంతకంటే పాతది, 1989 నుంచీ ఉంది, దానికి డబ్బు కట్టాలి. ఏది అలవాటో ఆయన్నే అడగండి. చేరే రోజుకల్లా అది మెషీన్‌లో ఉండాలి. అనుమతులు, సంతకాలు ఏవున్నా ఆఫర్ లెటర్ ఇచ్చిన రోజే కదిలించండి. నా ఏడాదిన్నర పోయింది అక్కడే.

స్క్రీన్ రీడర్ ఉంటే సరిపోదు, అది చదవడానికి తెర మీద ఏదో ఒకటి ఉండాలి కదా. బటన్‌కు బొమ్మ మాత్రమే పెట్టి లోపల పేరు రాయకపోతే నాకు "బటన్, బటన్, బటన్" అని వినిపిస్తుంది. ఏది పంపేదో, ఏది చెరిపేసేదో తెలియదు. కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే మీకు అక్షరాలు కనిపిస్తాయి, నాకు మాత్రం అది ఖాళీ పేజీ. కస్టమర్లు పంపే స్క్రీన్‌షాట్లదీ అదే గొడవ. వీటిలోంచి అక్షరాలను బయటికి తీసే ఓసీఆర్ ఉంది, అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే తీస్తుంది, చేతిరాతకు అంత నమ్మకం లేదు.

కాబట్టి మీరు ర్యాంపు కంటే, లిఫ్టు కంటే ముందు పరీక్షించాల్సింది మీ ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్‌ని. వెబ్‌లో నడిచేదైతే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు, అంటే వైకల్యం ఉన్నవాళ్ళూ వాడగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పేవి, ఏ మేరకు పాటిస్తున్నారో అడుగుతూ అమ్మినవాళ్ళకు మెయిల్ రాయండి. ఇప్పటి నా కంపెనీలో సరిగ్గా ఇక్కడే చిక్కొచ్చింది. వచ్చిన ఫిర్యాదును ఎవరికి ఇవ్వాలో వాళ్ళ పేరు మీదికి మౌస్‌తో లాగి వదలాలి. కీబోర్డుతో ఆ పని అయ్యేది కాదు. వాళ్ళు సరిచేసేసరికి ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలూ మేం పనులు మార్చుకున్నాం: పంచే పని పక్క సీటాయన చూశాడు, ఆయనకు విసుగనిపించే పొడుగాటి ఉత్తరాలకు జవాబులు నేను రాశాను. సాఫ్ట్‌వేర్ బాగయ్యాక కూడా ఆయన ఆ ఉత్తరాలు వెనక్కి తీసుకోలేదు, అది వేరే సంగతి.

ఖర్చు అన్నారు. నాకోసం కంపెనీ నిజంగా డబ్బు పెట్టింది ఒక మంచి హెడ్‌ఫోన్‌కి. మిగతావన్నీ అలవాట్లే. మీటింగ్‌లో చూపించేది ఏదైనా ముందురోజు ఫైలుగా పంపుతారు. "ఇదిగో ఈ ఎర్ర గీత చూడండి" అనకుండా "మార్చిలో అమ్మకాలు పడిపోయాయి" అంటారు. నడిచే దారిలో అట్టపెట్టెలు పెట్టరు. ఎవరికోసం ఏది కావాలన్నది మాత్రం మీరు ఊహించి కొనకండి. ఒకసారి మా వాళ్ళు ఎంతో ప్రేమగా ప్రతి తలుపుకూ బ్రెయిలీ పలకలు చేయించారు, అదే నెలలో లిఫ్టుకు టచ్ ప్యానెల్ పెట్టించారు. నా అంతస్తు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటుంటే అన్ని అంతస్తులూ నొక్కుకుపోయేవి. నాతో లిఫ్టెక్కినవాళ్ళ సహనానికి ఇప్పటికీ దండం పెడతాను.

ఇది దయతో చేసేది కూడా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 27వ అధికరణం ఉపాధి గురించే. మోయలేని భారం కానంతవరకు, ఆ వ్యక్తికి అవసరమైన సర్దుబాటు చేయకపోవడాన్ని కూడా ఆ ఒడంబడిక వివక్షగానే లెక్కేస్తుంది. మా మొదటి మేనేజర్‌కి ఈ మాట చెప్తే నొచ్చుకునేవారు, నిజమే.

ఇంకో రెండు మాటలు, ఎందుకంటే ఈయన ఒక్కరితో ఆగరు కదా మీరు. మా ఆఫీసులో వీల్‌చైర్ వాడే మిత్రుడున్నాడు. ర్యాంపు ఉంది, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున నిబంధన ప్రకారం కట్టిందే. కానీ ఆయనకోసం కట్టిన టాయిలెట్‌లో చీపుళ్ళూ విరిగిన కుర్చీలూ పెట్టేవారు. అంతకంటే దారుణం ఫైర్ డ్రిల్. లిఫ్టు ఆపేశారు, అందరూ మెట్లు దిగి కింద వరుసలో నిలబడ్డారు, ఆయన నాలుగో అంతస్తులోనే ఉన్నాడు. "మీరు దిగనక్కర్లేదు సార్, ఇది డ్రిల్లే" అన్నారట. నిజంగా మంటలొస్తే ఏం చేస్తారని ఆయన మెయిల్ పెట్టాకే మెట్ల మీద దించే కుర్చీ వచ్చింది, దాన్ని పట్టుకోవడం ఇద్దరికి నేర్పారు. వినపడని సహోద్యోగి ఉంటే వీడియో మీటింగుల్లో క్యాప్షన్లు పెట్టాలి, ఒకరు మాట్లాడాకే ఇంకొకరు మాట్లాడాలి. ఇది మీ అందరికీ కష్టం, ముందే చెప్తున్నా.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. అందులో వృద్ధులు కూడా ఉన్నారనుకోండి. అయినా మీ నలభై మందిలో ఇప్పటికే ఎవరో ఒకరు, ఒక చెవి వినపడకో, మనసు బాగుండక మందులు వాడుతూనో, ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తూ ఉండొచ్చు. కొత్తాయన్ని మీరెలా చూస్తారో వాళ్ళు గమనిస్తుంటారు.

పని రాకపోతే తీసేయొచ్చా? మిగతావాళ్ళకు ఏ కొలత పెడతారో అదే పెట్టండి. ప్రొబేషన్ అందరికీ ఆరు నెలలైతే ఆయనకూ ఆరు నెలలే. కానీ ఆ ఆరు నెలలు లెక్కపెట్టడం చేరిన తేదీ నుంచి కాదు, ఆయన చేతికి స్క్రీన్ రీడర్‌తో పనిచేసే కంప్యూటర్ అందిన తేదీ నుంచి. ప్రతి నెలా తప్పులు తప్పులుగా చెప్పండి, రాతలో చెప్పండి. అప్పటికీ రాకపోతే అందరికీ చెప్పినట్టే చెప్పి పంపించండి. జాలిపడి ఉంచుకుంటే ఏమవుతుందో నా ఏడాదిన్నర చెప్పింది కదా.

ఇక వచ్చే వారం పరీక్ష. ఈ రోజే ఆయనకు ఫోన్ చేసి ఏ స్క్రీన్ రీడర్ వాడతారు, ఎంత అదనపు సమయం కావాలి అని అడగండి. ఇంటర్వ్యూలో మాట చాతుర్యం కంటే చేసిన పనిని చూడటం మేలని నా అభిప్రాయం. ఆటిజం ఉన్నవాళ్ళకు ఉద్యోగాలిచ్చే స్పెషలిస్టెర్నె అనే డెన్మార్క్ సంస్థ 2004లో మొదలైనప్పటి నుంచీ దాదాపు అలాగే చేస్తోంది. మీరూ రెండు నిజమైన ఫిర్యాదులు ఇచ్చి జవాబులు రాయించండి. దానికి ముందు ఈ సాయంత్రం మీ మౌస్ తీగ పీకేసి, ఒక్క కీబోర్డుతో ఆ ఆన్‌లైన్ పరీక్ష మీరే మొదటినుంచి చివరిదాకా రాసి చూడండి. లాగిన్ దగ్గర బొమ్మలు గుర్తుపట్టమనే క్యాప్చా ఉంటే దాన్ని తీయించండి, ఆయన మొదటి ప్రశ్న దాకా రాకుండానే అక్కడ ఆగిపోతారు.