వేవర్ మీద సంతకం పెట్టాక ప్రమాదం జరిగితే ఇక అడిగే హక్కే ఉండదా?

జిప్‌లైన్ (ఎత్తులో కట్టిన తీగ మీద వేలాడుతూ జారే ఆట) ఎక్కే ముందు "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అన్న కాగితం, అంటే వేవర్ మీద సంతకం పెట్టించుకున్నారు, రేపు వాళ్ల తప్పు వల్లే దెబ్బ తగిలినా ఊరుకోవాల్సిందేనా అని అడిగారు. అలాగని ఏమీ లేదండీ. కానీ ఆ సంతకం ఉత్తుత్తిదే అనుకోవడం కూడా ప్రమాదమే. ఏ దేశ చట్టం వర్తిస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం (అంతకుముందు 1977 చట్టం ప్రకారం), వ్యాపారి నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా, గాయపడినా ఏ కాగితమూ అతన్ని కాపాడదు. కాలిఫోర్నియాలో మామూలు నిర్లక్ష్యానికి వేవర్ అడ్డుపడొచ్చు గానీ, ఘోరమైన నిర్లక్ష్యానికి పనికిరాదని అక్కడి సుప్రీంకోర్టు 2007లో తేల్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మీ ప్రశ్నకు అచ్చంగా సరిపోయే కేసే ఉంది. జిప్‌లైన్ మీద ఇద్దరు ఢీకొన్నారు. తప్పు తమదేనని కంపెనీయే ఒప్పుకుంది. అయినా వేవర్ చెల్లుతుందని 2012లో అప్పీల్ కోర్టు చెప్పింది. అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

నేను కొన్నేళ్లు రాక్ క్లైంబింగ్ బృందాలకు సహాయకుడిగా ఉన్నాను. కాగితాలు పంచేది నేనే. వెనక క్యూ ఉంటుంది, పెన్ను చేతులు మారుతుంటుంది, చదివేవాళ్లు అరుదు. మీరు మాత్రం ఒక్క మాట వెతకండి: "నిర్లక్ష్యం". కాలు జారడం, రాయి దొర్లిపడడం లాంటివి ఆ ఆటలోనే ఉన్న ప్రమాదాలు, వాటికి ఒప్పుకోవడం న్యాయమే. "మా సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే" అని రాసి ఉంటే అది వేరే సంగతి. అక్కడ ఆగి, అడగండి.

కాగితం కంటే ముందు సామాను చూడండి. ఒకసారి ఒకామెకు హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీలు) తొడుగుతుంటే తొడ పట్టీ దగ్గర కుట్టు ఊడి దారాలు పైకి లేచి కనిపించాయి. ఆమే వేలు పెట్టి చూపించింది. వెంటనే మార్చాం. అలా అడిగేవాళ్లను చూసి ఎవరైనా విసుక్కుంటే అక్కడ ఎక్కకండి.

దెబ్బ తగిలితే చికిత్స అయ్యాక, లేదా తోడొచ్చినవాళ్లు అప్పటికప్పుడే, హార్నెస్, తాడు, లాక్ ఫొటోలు తీయాలి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోవాలి. అక్కడి రిజిస్టర్‌లో రాయించి కాపీ అడగాలి. సామాను మర్నాటికి మారిపోవచ్చు. కేసు వేయడానికి గడువు కూడా ఉంటుంది కాబట్టి, సంతకం పెట్టేశాం కదా అని ఇంట్లో కూర్చోకుండా ఆ వేవర్ కాపీతో త్వరగా లాయర్‌ను కలవండి.