కొన్ని అగేట్ రాళ్లు యూవీ లైట్ కింద ఆకుపచ్చగా ఎందుకు మెరుస్తాయి?

ముఖ్య కారణం యురేనియం. అగేట్ అంటే భూగర్భజలంలో కరిగిన సిలికా రాతి సందుల్లో పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడినది. ఆ నీటిలో కాస్త యురేనియం ఉంటే, అది ఆక్సిజన్‌తో కలిసి యురనైల్ అయాన్‌గా పొరల్లో చిక్కుకుంటుంది. కంటికి కనిపించని యూవీని పీల్చుకుని ఆకుపచ్చ కాంతిని వదిలేది అదే.

అమెరికాలోని వ్యోమింగ్‌లో దొరికే స్వీట్‌వాటర్ అగేట్లు ఇందుకు చక్కని ఉదాహరణ. పగటిపూట బూడిద, గోధుమ రంగుల్లో, లోపల మాంగనీస్ గీసిన నాచులాంటి నల్లటి మరకలతో మామూలు గులకరాళ్లలా ఉంటాయి. 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ (తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ) దీపం వేస్తే పచ్చగా వెలుగుతాయి! కరెన్సీ నోట్లు అసలువో నకిలీవో చూసుకునే 395 నానోమీటర్ల యూవీ టార్చ్‌తో ఈ మెరుపు సరిగా కనిపించదు, దాంతో చూసి రాయి మంచిది కాదనుకోవద్దు.

యురేనియం చాలా స్వల్పం కాబట్టి రాయిని పట్టుకోవడానికి టెన్షన్ అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది దీపంతోనే: షార్ట్‌వేవ్ కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది, యూవీని ఆపే కళ్లద్దాలు తప్పనిసరి.