పూసలు, దారాలు, ఊలు, కాగితాలు: ఏది ఎక్కడ ఉంచాలి?

చేతిపనుల సామాను డబ్బాలన్నీ చక్కగా సర్దుకున్నా, చిన్న పని మొదలుపెట్టాలన్నా నాలుగైదు డబ్బాలు దించాల్సి వస్తోంది, ఎందుకని మీరు అడిగారు. గది చిన్నది కావడం ఇందుకు కారణం కాదనుకుంటాను. మీరు జిగుర్లన్నీ ఒక డబ్బాలో, కత్తెరలన్నీ ఇంకో డబ్బాలో, దారాలన్నీ వేరొక దానిలో పెట్టారు. చూడటానికి బాగుంటుంది గానీ, ఏ పనీ ఒక్క డబ్బాతో పూర్తికాదు.

నేను పనిని బట్టి సర్దుకుంటాను. ఎంబ్రాయిడరీ పెట్టెలో దారాలతో పాటు సూదులు, చట్రం, చిన్న కత్తెర, గుడ్డమీద గీసుకునే పెన్సిల్ ఉంటాయి. పూసల పెట్టెలో తీగ, పట్టకార్లు, కొక్కేలు ఉంటాయి. ఒక పెట్టె బల్లమీదికి వస్తే పని మొదలైనట్టే. ఒకే రకం వస్తువు రెండు చోట్ల ఉండటం వృథా అనుకోకండి. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును త్వరగా పోతుంది కాబట్టి కత్తెరలు ఎలాగూ వేరుగానే ఉండాలి. తరచుగా చేసే పనుల పెట్టెలు కూర్చున్నచోట చేతికందే అరల్లో, అరుదుగా తీసేవి పై అరల్లో పెట్టండి.

ఇక ఏ వస్తువు దేనివల్ల పాడవుతుందో తెలుసుకుని దాచడం అన్నిటికంటే ముఖ్యం. ఎండ పడే కిటికీ పక్కన రంగు దారాలు, రంగు కాగితాలు పెడితే మెల్లగా వెలిసిపోతాయి. గాజు సీసాల్లో వరుసగా పేర్చిన దారాలు ఎంత అందంగా ఉన్నా, నేను మూసిన సొరుగుకే ఓటేస్తాను. కాగితాన్ని నిలబెడితే వంగిపోతుంది, తేమకు అంచులు ముడుచుకుంటాయి. పడుకోబెట్టి ఉంచడం మేలు. రెండువైపులా మొన ఉన్న మార్కర్లను కూడా పడుకోబెట్టాలి, లేకపోతే సిరా ఒక కొనకే దిగి రెండోది ఎండిపోతుంది. లోహపు పూసలు, తీగలు గాలి చొరబడని జిప్ కవర్లలో, తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లంతో ఉంటే త్వరగా నల్లబడవు. వాటికి రబ్బరు బ్యాండ్లు మాత్రం చుట్టవద్దు. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, పాతబడిన రబ్బరు కరిగి అంటుకుంటుంది.

పాలిమర్ క్లే, అంటే ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే ప్లాస్టిక్ మట్టి గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కాల్చని క్లేలోని మెత్తబరిచే రసాయనం కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలను కరిగించి అంటుకుపోతుంది. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి: 5 ఉంటే అది పాలీప్రొపిలీన్, క్లేకు సరిపోతుంది. 6 ఉంటే పాలీస్టైరీన్, అది వద్దు.

ఊలు నాకెంతో ఇష్టం, అందుకే ఇంకాస్త చెప్పాలి. చిమ్మట పురుగుల లార్వాలు గొర్రె ఊలు, పట్టు వంటి జంతు నూలును తింటాయి. నూటికి నూరు శాతం పత్తి, అక్రిలిక్ నూలు జోలికి అవి సాధారణంగా రావు. కాబట్టి గొర్రె ఊలును శుభ్రంగా, పొడిగా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో వేరుగా పెట్టండి. ఉండ చుట్టినా దాని కాగితపు పట్టీ పారేయవద్దు. రంగు సంఖ్యతో పాటు ఏ విడత రంగులో ముంచారో తెలిపే లాట్ సంఖ్య దానిమీదే ఉంటుంది. ఒకే రంగు సంఖ్య ఉన్నా లాట్ మారితే ఛాయ మారవచ్చు, ఆ తేడా అల్లిన తర్వాత చారలా కనిపిస్తుంది. ఎంబ్రాయిడరీ దారాలను అట్టముక్కలకు చుట్టేటప్పుడు కూడా రంగు సంఖ్యను అట్టమీద రాసుకోండి.

బ్లేడ్లు, సూదులు మూత ఉన్న డబ్బాలో ఉండాలి, అవి ఉన్న పెట్టె తరచుగా వాడేదైనా సరే పిల్లలకు అందనంత ఎత్తులోనే పెట్టాలి. ఇందులో మినహాయింపు లేదు.

కొత్త డబ్బాలు ఇప్పుడే కొనవద్దు. ముందు ఉన్నవన్నీ బల్లమీద పనులవారీగా కుప్పలు పోసి, ఒక్కో కుప్పను కొలవండి. ఎ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. 12 అంగుళాల చదరపు కాగితాలు వాడేవారికి అంతకంటే వెడల్పైన సొరుగు కావాలి. ఆ కొలతలు రాసుకున్నాకే కొనడానికి వెళ్లండి.