మీ ప్రశ్న – మా జవాబు: పిల్లలకు వెతకడం నేర్పేదెలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ను. ఏటా ఫస్టియర్ వాళ్లకు తొలివారంలోనే గంటసేపు లైబ్రరీ చూపిస్తాం. తీరా అసైన్‌మెంట్ ఇచ్చాక గూగుల్‌లో మొదట వచ్చిన పేజీనే దించేస్తున్నారు. నాకిచ్చేది రెండు పీరియడ్లు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఆ పీరియడ్లను తొలివారం నుంచి తప్పించండి. చేతిలో పని లేనప్పుడు చెప్పిన పద్ధతి గుర్తుండదు. అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలోనే క్లాసు ఉండేలా లెక్చరర్‌తో మాట్లాడుకోండి.

మొదటి పీరియడ్‌లో 15 నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోనివ్వద్దు. టాపిక్ ‘1908 మూసీ వరద, నగరంలో వచ్చిన మార్పులు’ అనుకుందాం. నలుగురేసి కూర్చుని పనికొచ్చే మాటలు రాయాలి: వరద, ముంపు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, విశ్వేశ్వరయ్య. ఆ జలాశయాలు వరద తర్వాతే కట్టారని తెలియనివాళ్లకు ఆ పేర్లు తట్టవు. కాబట్టి ముందు విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ చదివించండి.

ఇంగ్లిష్‌లో మూసీని ‘యు’తోనూ రాస్తారు, రెండు ‘ఓ’లతోనూ రాస్తారు. రెండు రూపాల మధ్య ‘ఆర్’ (ఏదో ఒకటి ఉన్నా చాలు అని) పెట్టి బ్రాకెట్‌లో ఉంచి, ఆపైన ‘ఆండ్’తో (ఇదీ ఉండాలి అని) వరదను చేర్చాలి. చాలా డేటాబేస్‌లలో బ్రాకెట్ మరిస్తే వరద ఊసే లేని మూసీ పేజీలు వచ్చిపడతాయి. గూగుల్‌లో ‘ఆర్’ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. తెలుగులో చిక్కు వేరు. ‘వరదలు’ అని కొడితే, పేరులో ‘వరదల్లో’ అని ఉన్న పుస్తకం కేటలాగ్‌లో కనబడకపోవచ్చు. ‘వరద’ అని కొట్టి పక్కన నక్షత్రం గుర్తు (ఆ మాటతో మొదలయ్యేవన్నీ చూపమని) పెట్టి చూడమనండి.

మిగిలిన సమయం మీ కేటలాగ్‌కు, శోధ్‌గంగకు, ఎన్-లిస్ట్‌కు. శోధ్‌గంగలో పీహెచ్‌డీ థీసిస్‌లు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-పత్రికలు అందించే ఎన్-లిస్ట్‌కు మాత్రం లాగిన్ కావాలి. ముందురోజే అందరి ఐడీలూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, లేకుంటే పీరియడంతా పాస్‌వర్డ్‌లకే పోతుంది.

అసలు పాఠం రెండో పీరియడ్‌లో ఉంది. ఆ వరదలో చనిపోయినవారు ఒకచోట 15 వేలు, మరోచోట 50 వేలు అని కనిపిస్తుంది. రెండు పేజీలూ ప్రింట్ తీసి చేతికివ్వండి. ఏది నిజమని అడగద్దు. ఈ అంకె ఎక్కడి నుంచి తెచ్చారు, రాసిందెవరు, ఎప్పుడు, ఆధారం చూపారా అని అడగండి. ఆ పేజీనే పదేపదే చదివితే జవాబు దొరకదు. దాన్ని వదిలి, ఇతరులు ఏమన్నారో వెతకాలి. ఈ ఒక్క అలవాటు పడినా మీ రెండు పీరియడ్లూ సార్థకమే.

చివర్లో క్విజ్ వద్దు. ఏ మాటలతో వెతికారు, ఏవి వదిలేశారు, ఎందుకు అని అరపేజీ రాయించండి. దానికి అసైన్‌మెంట్ మార్కుల్లోంచి 5 కేటాయించమని లెక్చరర్‌ను కోరండి. మార్కులు లేకపోతే చాలామంది రాయరు.

ప్రశ్న: చాట్‌బాట్ ఇచ్చిన వ్యాసాల జాబితాలో సగం ఎక్కడా దొరకడం లేదు. అవి ఉన్నాయో లేదో తేల్చుకునేదెలా?

జవాబు: వ్యాసం పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. డీఓఐ నంబర్ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే తెరిచి, పేరూ రచయితా సరిపోయాయో చూడండి. నంబర్ నిజమైనదే అయినా వ్యాసం వేరొకటి కావచ్చు. తర్వాత ఆ పత్రిక సంపుటి, సంచిక, పేజీ చూడండి. అక్కడ వేరే వ్యాసం ఉంటే జాబితాలోంచి కొట్టేయండి. పాత తెలుగు పత్రికలకు డీఓఐ ఉండదు, అంతమాత్రాన అబద్ధమని తీసేయకండి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆ సంచిక ఉందేమో అడగండి. వెళ్లేటప్పుడు పత్రిక పేరు, సంవత్సరం, నెల కాగితం మీద రాసుకుని వెళ్లండి.